ఆటల మైదానంలో నల్ల రిబ్బన్లు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల తొమ్మిది, పదో తరగతి పిల్లలకు చర్చా పోటీ పెట్టాం. "అంతర్జాతీయ క్రీడల్లో రాజకీయ నిరసన తగునా?" అన్నది అంశం. మీలో కొందరు ఫోన్ చేశారు. చదువుకునే పిల్లలకు ఈ రాజకీయాలు ఎందుకండీ అని ఒక తండ్రి కాస్త గట్టిగానే అడిగారు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. అందుకే ఈసారి ఫీజులు, యూనిఫాంల సంగతి పక్కనపెట్టి ఆ చర్చ గురించే రాస్తున్నాను.

ఆటలు వేరు, రాజకీయాలు వేరు అని నేనూ చాలాకాలం అనుకున్నవాణ్ణే. పిల్లలు 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్ ఫొటో ఒకటి తెచ్చి బోర్డుకు అంటించారు. 200 మీటర్ల పరుగులో అమెరికన్లు టామీ స్మిత్‌కు స్వర్ణం, జాన్ కార్లోస్‌కు కాంస్యం వచ్చాయి. నల్లజాతివాళ్ల పేదరికానికి గుర్తుగా ఇద్దరూ బూట్లు విప్పేసి మేజోళ్లతోనే పతకాలిచ్చే వేదిక, అంటే పోడియం ఎక్కారు. జాతీయగీతం వస్తుండగా తల వంచి, నల్ల గ్లవ్ తొడిగిన పిడికిలి పైకెత్తారు. స్మిత్‌ది కుడి చెయ్యి, కార్లోస్‌ది ఎడమ. కార్లోస్ తన గ్లవ్స్ మర్చిపోయి వచ్చాడట, ఉన్న ఒక్క జతనే చెరొకటి తొడుక్కున్నారు. రోజూ ఏదో ఒక నోట్సు ఇంట్లో మర్చిపోయి వచ్చే మా పిల్లలకు ఈ ముక్క భలే నచ్చింది.

ఇద్దరినీ జట్టులోంచి సస్పెండ్ చేసి ఒలింపిక్ గ్రామం నుంచి పంపించేశారు. అప్పుడు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ అనే అమెరికన్. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ను అమెరికా బహిష్కరించకూడదని పట్టుబట్టిన మనిషీ ఆయనే. ఆ క్రీడల్ని హిట్లర్ ప్రభుత్వం తన గొప్పలు చెప్పుకోవడానికి ఎలా వాడుకుందో మీకు తెలిసిందే. "ప్రభుత్వం చేస్తే వేడుక, ఆటగాడు చేస్తే రాజకీయమా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. నాకు జవాబు తట్టలేదు.

ఆ ఫొటోలో మూడో మనిషి ఉన్నాడు, ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ నార్మన్. రజతం ఆయనది. పిడికిలి ఎత్తలేదు గానీ, వాళ్లిద్దరూ పెట్టుకున్న మానవ హక్కుల బ్యాడ్జినే తానూ ఛాతీ మీద పెట్టుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఒలింపిక్స్‌లో పరుగెత్తలేదు. 2006లో ఆయన పోయినప్పుడు శవపేటికకు భుజం పట్టినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. ఆస్ట్రేలియా పార్లమెంటు క్షమాపణ చెప్పింది 2012లో, ఆయన పోయిన ఆరేళ్లకు.

వద్దన్న జట్టు వాదన కూడా తేలికదేం కాదు. పోడియం మీద ముగ్గురు ఉంటారు, ఒకరి నిరసన మిగతా ఇద్దరి రోజును మింగేయొచ్చు. పైగా ఏది మంచి నిరసనో, ఏది కాదో తేల్చేదెవరు? ఒలింపిక్ చార్టర్ 50వ నిబంధన నిరసనలు వద్దంటుంది. 2021లో టోక్యో క్రీడలకు ముందు దాన్ని కొంచెం సడలించారు. పోటీ మొదలయ్యే ముందు మైదానంలో తమ అభిప్రాయం తెలపొచ్చు, పోటీ జరుగుతుండగా, పోడియం మీద కూడదు.

నా మటుకు నేను చూసేది ఒకటే, నష్టం ఎవరికి అని. 2003 క్రికెట్ ప్రపంచకప్‌లో జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోతోందని చేతికి నల్ల పట్టీ కట్టుకుని ఆడారు. ఆట ఆగలేదు, ఎదుటి జట్టుకు పోయిందేమీ లేదు. ఒలోంగా మాత్రం దేశమే విడిచి వెళ్లాల్సి వచ్చింది. అదే 1980 మాస్కో ఒలింపిక్స్ సంగతి చూడండి. సోవియట్ యూనియన్ అఫ్గానిస్తాన్‌లోకి సేనలు పంపినందుకు నిరసనగా అమెరికా, దానితోపాటు మరెన్నో దేశాలు వెళ్లలేదు. నిర్ణయం నాయకులది, పోయింది ఏళ్ల తరబడి సాధన చేసిన ఆటగాళ్ల అవకాశం. సోవియట్ సేనలు వెనక్కి వెళ్లింది 1989లో.

అయితే ఈ లెక్క కూడా అన్నిచోట్లా కుదరదు. 1974లో వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాతో ఆడబోమని మన దేశం డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌నే వదులుకుంది. నష్టపోయింది ఆటగాళ్లే. అయినా అది తప్పని అనలేకపోతున్నాను.

చర్చ అయిన మర్నాడే పదో తరగతి పిల్లలు నలుగురు నా గదికొచ్చారు. లెక్కల స్పెషల్ క్లాసుల కోసం ఆటల పీరియడ్లు తీసేశాం కదా, అందుకని స్పోర్ట్స్ డే నాడు నల్ల రిబ్బన్లు కట్టుకుంటామని, పర్మిషన్ కావాలని అడిగారు. పర్మిషన్ తీసుకుని చేసే నిరసనేమిటో అని నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. టోక్యో పద్ధతే చెప్పాను. మార్చ్‌పాస్ట్‌లో కట్టుకోండి, బహుమతులు తీసుకునేటప్పుడు వద్దు అన్నాను.

"అంటే బ్రండేజ్ గారి రూలే కదా సార్" అన్నాడొకడు.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. లెక్కల మాస్టారితో కూర్చుని టైంటేబుల్ మార్చాం. సోమవారం నుంచి పదో తరగతికి బుధ, శుక్రవారాల్లో ఆటల పీరియడ్ మళ్లీ ఉంటుంది. ఆ రెండు రోజులూ స్పెషల్ క్లాసు ఉదయం 8 గంటలకు జరుగుతుంది, దయచేసి పిల్లల్ని టైముకు పంపండి. రిబ్బన్లు కట్టుకుంటారో లేదో మాత్రం వాళ్లింకా చెప్పలేదు.

మీ
ప్రధానోపాధ్యాయుడు