పొగతోట ల్యాబ్ అన్నకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం కడుపులోంచి చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

మా నాన్న కడుపు క్యాన్సర్‌తోనే పోయారు. గ్యాసే కదా అని మాత్రలు మింగుతూ వచ్చారు, తెలిసేసరికి చేయి దాటిపోయింది. నాకూ అదే మంట మొదలయ్యేసరికి హడలిపోయి, కావలి నుంచి నెల్లూరు వెళ్లి చూపించుకున్నా. గొంతులోంచి కెమెరా వేసి చూసే ఎండోస్కోపీకి నేను ససేమిరా అనడంతో డాక్టరు గారు ముందు రక్తపరీక్షలు రాశారు. ఒకటి పెప్సినోజెన్, అంటే కడుపు పొరలో తయారయ్యే పదార్థం, అందులో వన్, టూ అని రెండు రకాలు. రెండోది హెచ్ పైలోరీ అనే కడుపు క్రిమికి యాంటీబాడీ ఉందేమో చూసేది.

పొగతోటలో ఒక చిన్న ల్యాబ్. అక్కడ రక్తం తీసే అన్న కోసమే ఈ పోస్టు. పేరు పెట్టొద్దన్నాడు, పెట్టను. సిరంజి చేతిలోకి తీసుకుని "పాంటాప్ ఏమన్నా ఏసుకుంటుండావా అమ్మా?" అన్నాడు. ఆ గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటానన్నా. సిరంజి పక్కన పెట్టేశాడు. ఆ మాత్ర వాడుతుంటే పెప్సినోజెన్ పెరిగి కనబడుతుందట, లోపల పొర పలచబడినా రిపోర్టు బాగున్నట్టే రావచ్చట. తనే డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగి, రెండు వారాలు ఆపి రమ్మన్నాడు. చేతికొచ్చిన బేరం ఎవరు వదులుకుంటారండీ ఈ రోజుల్లో?

రెండు వారాలు ఆగి వెళ్లి రక్తమిచ్చా. రిపోర్టు రాత్రి పొద్దుపోయాక వాట్సాప్‌లో దిగింది. పెప్సినోజెన్ వన్ 41, వన్-టూ నిష్పత్తి 2.1, యాంటీబాడీ పాజిటివ్. అన్నీ ఎర్రక్షరాలే. డాక్టరు గారు ఊళ్లో లేరు. తెల్లారి ల్యాబ్ మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే అన్న వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. "డాక్టరు చెప్పాల్సింది నేను చెప్పకూడదు గానీ, ఇది క్యాన్సర్ రిపోర్టని నీకెవరు చెప్పారమ్మా?" అంటూ కవరు వెనక సొరకాయలా కడుపు బొమ్మ గీశాడు. కడుపు పొరలో తయారయ్యే పెప్సినోజెన్ కొంత రక్తంలోకి వస్తుంది, పొర అరిగిపోయే కొద్దీ వన్ తగ్గిపోతుంది. జపాన్‌లో వన్ 70, నిష్పత్తి 3, ఈ రెండూ దాటకపోతే రిస్కు ఉన్నట్టు లెక్కేసి ఎండోస్కోపీకి పంపుతారు. ఎవరికి కెమెరా వేసి చూడాలో చెప్పే పరీక్షే గానీ క్యాన్సర్ ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు.

ఈ హెచ్ పైలోరీని కనిపెట్టినందుకు 2005లో ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకు నోబెల్ ఇచ్చారనీ, అందులో ఒకాయన ఆ క్రిముల్ని తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడనీ చెప్తే, అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

ఎండోస్కోపీ రోజు మా ఆయన రొయ్యల పట్టుబడిలో ఇరుక్కుపోయాడు. తోడు లేకపోతే చేసేది లేదన్నారు. అన్న ల్యాబ్ కుర్రాడికి అప్పజెప్పి వచ్చాడు. నేను బయటికొచ్చేసరికి నా హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అది చూసి ఏడ్చినంతగా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు నేను. "గొంతు తిమ్మిరి పోయేదాకా నీళ్లు తాగబాకమ్మా" అన్నాడు, అంతే. ఆటో డబ్బులు ఇస్తే తీసుకోలేదు.

పొర పలచబడిన మాట నిజం, క్రిమి ఉన్న మాటా నిజం. 14 రోజుల మందుల కోర్సు, అది అయ్యాక నాలుగు వారాలు ఆగి, క్రిమి పోయిందో లేదో చూడటానికి ఊపిరి పరీక్ష. మందులతో క్రిమి పోయినా రక్తంలో యాంటీబాడీ చాన్నాళ్లు ఉంటుంది కాబట్టి మళ్లీ ఆ రక్తపరీక్ష దండగట.

ఒకటి మాత్రం మింగుడు పడటం లేదు. పోయినేడు ఒక పెద్దాసుపత్రిలో క్యాన్సర్ ప్యాకేజీ అని బోలెడు డబ్బు కట్టించుకున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ ఉందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. జబ్బు ముదిరి మంచం పట్టాక కార్డు పట్టుకుని తిరగడానికైతే దారులున్నాయి. ముందే చూపించుకుందామంటే నాకైతే ప్రతి రూపాయీ జేబులోంచే పోయింది.

మా ఆయన, అన్నయ్య, వదిన ఎంత తిరిగారో వాళ్లకు తెలుసు, వాళ్లకు థాంక్స్ చెప్తే తిడతారు.

అయ్యో, ఎండోస్కోపీ గదిలో నా చెయ్యి వదలని సిస్టర్‌ని మర్చిపోయా. రైల్లో సీటిచ్చిన కాలేజీ పిల్లలు కూడా. పక్కింటి అత్త మా పిల్లలకు రెండు పూటలా వండి పెట్టింది. అత్తా, నీ క్యారేజీ మా ఇంట్లోనే ఉంది, రేపు పంపిస్తా.