చుట్టూ మోగే సంగీతానికి తిరుపతిలో ఒక గది కావాలి

సంపాదకులు గారికి,

ఆధునిక పాశ్చాత్య ఆర్కెస్ట్రా సంగీతం తలాతోకా లేని మోత అన్న అభిప్రాయం మీ ఆదివారం సంచికలో ఇటీవల వచ్చిన ఒక వ్యాసంలో కనిపించింది. ఆ మాట అనేవారిలో చాలామంది ఆ సంగీతాన్ని ఫోనులోనో, టీవీ కింద పెట్టిన సౌండ్‌బార్‌లోనో విని ఉంటారని నా అనుమానం. కొన్ని రచనలను అలా వింటే సగం కూడా విన్నట్టు కాదు. ఏ స్వరం మోగాలన్నది ఎంత ముఖ్యమో, అది ఏ దిక్కు నుంచి మోగాలన్నది కూడా వాటిలో అంతే ముఖ్యం. స్వరకర్త ఆ రెండింటినీ నిర్ణయించే రాస్తాడు.

అమెరికన్ స్వరకర్త జాన్ లూథర్ ఆడమ్స్ రచన ‘బికమ్ ఓషన్’ను చూడండి. సియాటిల్ సింఫనీ అనే ఆర్కెస్ట్రా కోసం రాసిన దీన్ని 2013లో కండక్టర్ లుడోవిక్ మోర్లో నిర్వహణలో మొదటిసారి వాయించారు. మరుసటి ఏడాది దీనికి పులిట్జర్ బహుమతి వచ్చింది. సుమారు 42 నిమిషాలు ఆగకుండా సాగే ఈ రచనలో ఆర్కెస్ట్రా మూడు జట్లుగా విడిపోయి ఎడంగా కూర్చుంటుంది. తీగ వాద్యాలది ఒక జట్టు, ఫ్లూటు, క్లారినెట్ వంటివాటిది ఒకటి, ట్రంపెట్, ట్రాంబోన్ వంటి ఇత్తడి వాద్యాలది మరొకటి. ప్రతి జట్టూ తన నిడివిలో తాను ఉప్పొంగి తగ్గుతూ ఉంటుంది. నిడివులు వేరు కావడం వల్ల మూడు జట్లూ ఒకేసారి ఉచ్చస్థాయికి చేరే ఘట్టాలు మొత్తం మీద మూడే వస్తాయి. సగం దాటిన తరువాత సంగీతం వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. ఇందులో పాడుకోవడానికి ఒక వరుస దొరకదు. దాని కోసం వెతికేవారికి విసుగు పుట్టడం సహజం. వినవలసింది ఆ మూడు జట్లు ఒకదాన్నొకటి కలుసుకోవడాన్నీ, విడిపోవడాన్నీ.

2014లో ఈ రచన సీడీతో పాటు సరౌండ్ డీవీడీగా, అంటే శ్రోత చుట్టూ అమర్చిన స్పీకర్లలో వేర్వేరు ధ్వనులు వినిపించేలా కూడా విడుదలైంది. అలిపిరి దగ్గర ఉండే ఒక మిత్రుడి ఇంట్లో, ఐదు స్పీకర్లు సరిగ్గా అమర్చిన గదిలో దాన్ని విన్నాను. అంతకుముందు మామూలు స్టీరియోలో విన్నప్పుడు ముద్దగా తోచిన చోట్లే ఇక్కడ ఒక జట్టు తగ్గుతుండగా మరొకటి లేవడం విడివిడిగా తెలిసింది. ఇందులో మాయ ఏమీ లేదు. ఒక పక్క నుంచి వచ్చే ధ్వని రెండు చెవులనూ చేరడంలో ఉండే తేడా మహా అయితే ఒక మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు. ఆ కొద్దిపాటి తేడానూ, రెండు చెవులకు వినిపించే గట్టితనంలోని తేడానూ పట్టుకుని మెదడు దిక్కును గుర్తిస్తుంది. ముందు వెనుకలను చెప్పడానికి చెవి డొప్ప ఆకారం కూడా తోడ్పడుతుంది. దిక్కులు వేరైనప్పుడు ఏకకాలంలో మోగే వాటిని విడదీసి వినడం సులువవుతుంది.

ఈ సంగతి తిరుపతివాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. గోవిందరాజస్వామి వారి వాహన సేవ మాడవీధి మలుపు తిరిగేటప్పుడు అక్కడ నిలబడితే ముందు నుంచి నాదస్వరం, డోలు, వెనుక నుంచి చెక్కభజన, ఆ పక్క నుంచి కోలాటం, దేని తాళం దానిదే అయినా ఎవరికీ గందరగోళం అనిపించదు. అదే సేవను ఫోనులో చిత్రీకరించి ఇంటికి వెళ్లి వింటే మిగిలేది రొద మాత్రమే.

జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌసెన్ రచన ‘గ్రుప్పెన్’ సరిగ్గా ఈ మెలకువ మీదనే నిలబడింది. అందులో 109 మంది వాద్యకారులు మూడు ఆర్కెస్ట్రాలుగా శ్రోతలను మూడు వైపుల నుంచి చుట్టి, తరచుగా మూడు వేర్వేరు కాలప్రమాణాల్లో వాయిస్తారు. అందుకే ముగ్గురు కండక్టర్లు అవసరమవుతారు. 1958 మార్చి 24న కొలోన్‌లో జరిగిన తొలి ప్రదర్శనను స్టాక్‌హౌసెన్, బ్రూనో మదెర్నా, పియర్ బూలెజ్ కలిసి నడిపించారు. ఒకచోట ఇత్తడి వాద్యాల స్వరమేళం ఒక ఆర్కెస్ట్రా చేతిలోంచి మరో ఆర్కెస్ట్రా చేతిలోకి మారుతూ హాలంతా తిరుగుతుంది. రెండు స్పీకర్ల మధ్య ఇరికిస్తే ఆ తిరుగుడుకు చోటెక్కడ? ఇదంతా ఆధునికుల వింత పోకడ అనుకునేవారికి ఒక మాట: 1837 నాటికే ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్, మృతుల కోసం చేసే ప్రార్థనకు కూర్చిన తన ‘రెక్వియం’లో నాలుగు ఇత్తడి వాద్యబృందాలను నాలుగు మూలల్లో నిలబెట్టాలని రాశాడు.

సరౌండ్ పేరుతో జరిగే ప్రతిదాన్నీ నేను మెచ్చుకోవడం లేదు. వాద్యాలన్నీ ఎదుట వేదిక మీదే ఉండే బ్రామ్స్ సింఫనీ వంటివాటి రికార్డింగులో వెనుక స్పీకర్ల నుంచి హాలు ప్రతిధ్వని మాత్రమే రావాలి, వయొలిన్లు కాదు. పాత స్టీరియో రికార్డింగులను సాఫ్ట్‌వేర్‌తో చీల్చి తల చుట్టూ చల్లడం నా దృష్టిలో అపచారమే. ఇక మన ఊళ్లో హోమ్ థియేటర్ బిగించేవారు చాలామంది వెనుక స్పీకర్లను గది మూలల్లో, ఫాల్స్ సీలింగును ఆనించి వేలాడదీస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముందువి రెండూ శ్రోతకు ఎదురుగా ఉన్న గీత నుంచి చెరో 30 డిగ్రీల దూరంలో, సరౌండ్‌వి సుమారు 110 డిగ్రీల దగ్గర, అంటే దాదాపు పక్కన, కాస్త వెనుకగా, చెవి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. సినిమా హాలు కూడా ఈ పనికి అంత అనువైనది కాదు. మామూలు 5.1 హాళ్లలో (ఐదు ధ్వని మార్గాలు, మంద్ర ధ్వనులకు మరొకటి ఉన్నవి) ఒక్కో సరౌండ్ చానల్, అంటే ధ్వని మార్గం, గోడ వెంట ఉన్న వరుస స్పీకర్లన్నింటికీ పంచబడుతుంది కనుక, ఒక వాద్యం ఫలానా చోట ఉందని తేల్చుకోవడం కష్టం.

అందువల్ల నేను కోరేది ఒక చిన్న గది. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గానీ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గానీ వాడకుండా ఉన్న ఒక తరగతి గదిలో ఒకే రకం స్పీకర్లు ఐదు, బహుళ చానళ్ల డిస్కులను చదివే ప్లేయరు, గోడలకు మందపాటి తెరలు ఉంటే చాలు. స్పీకర్ల అమరిక సరిగ్గా పనిచేసేది మధ్యలోని కొద్ది కుర్చీలకే కాబట్టి ఒక్కో విడత పదిమందికి మించి కూర్చోబెట్టకూడదు. నెలకు ఒక సాయంత్రం, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి, ఏ ఉపన్యాసమూ లేకుండా ఒకే రచనను మొదటి నుంచి చివరి వరకు వినిపిస్తే బాగుంటుంది. నాదస్వరం, డోలు నేర్చుకునే విద్యార్థులను మొదటి విడతలోనే పిలవాలి. ఊరేగింపులో నడుస్తూ వాయించే అనుభవం ఉన్నవారు ఈ రచనలను మనకంటే తొందరగా పట్టుకుంటారని నా నమ్మకం. ఆ తరువాత వీలైతే, అదే విద్యార్థుల చేత ఒక వాహన సేవను ఐదు మైకులతో మలుపు దగ్గర రికార్డు చేయించి, ఆ గదిలోనే వినిపించాలి.

భవదీయుడు,
ఒక శ్రోత,
తిరుపతి