ఆశీర్వాదం పూర్తిచేసిన మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. జనవరి నుంచి రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన మాట ఇది. బాపట్ల వైపు ఒక పల్లెటూళ్లో 19 ఏళ్లుగా పాస్టరుగా ఉన్నాను.

జనవరి రెండో ఆదివారం ఆరాధన చివర ఆశీర్వాదానికి చేతులెత్తాను. "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు" దాకా వచ్చి ఆగిపోయాను. వారం వారం పలికిన మాటలే, నోరు పెగల్లేదు. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. ముందు చాప మీద కూర్చున్న మా సంఘ పెద్ద లేచి "పరిశుద్ధాత్మ సహవాసమును" అని అందుకున్నారు. ఆయన వెనక ఆడవాళ్లు, పిల్లలు, అందరూ కలిసి పూర్తిచేశారు. వెళ్లేటప్పుడు ఒక్కరు కూడా "ఏమైందయ్యగారూ" అని నన్ను నిలదీయలేదు. మొదటి కృతజ్ఞత అందుకే.

అది ఆ ఒక్కరోజులో వచ్చింది కాదు. కరోనా రోజుల్లో, 2021 మే నెలలో ఒక భూస్థాపన ముగించి వచ్చి స్నానం చేసేలోపే ఇంకో ఇంటి నుంచి ఫోన్ వచ్చేది. ఆ నెలలో పదకొండు మందిని మట్టికప్పగించాను. వాళ్లలో నా చేతులతో బాప్తిస్మం ఇచ్చిన కుర్రవాడూ ఉన్నాడు. ఆదరణ కూడిక పెట్టుకునే వీలు కూడా లేని రోజులవి. ఇంటింటికీ వెళ్లి ఆదరించాను గానీ నా ఏడుపు ఎవరి దగ్గర ఏడవాలో తెలియలేదు. అప్పటినుంచే నిద్ర చెడింది. డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్‌లు, రాత్రుళ్లు క్యారల్స్, 31 రాత్రి ఆరాధన. మొన్నటి డిసెంబరులో ఏ రాత్రీ మూడు గంటలకు మించి పడుకోలేదు. బాధ చెప్పుకుంటే ఒక సేవకుడు నా తల మీద చెయ్యి ఉంచి, ఒప్పుకోని పాపం ఏదో ఉందన్నారు. నమ్మాను. కొత్త సంవత్సరం నాడే 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టాను. నిద్రలేని మనిషి తిండి కూడా మానేస్తే ఏమవుతుందో ఆ ఆదివారం మీరంతా చూశారు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన బండి వేసుకొచ్చారు. "ఎక్కండి అయ్యగారూ, పెద్దాసుపత్రికి వెళ్దాం" అన్నారు, అంతే. అక్కడి మానసిక వైద్యురాలికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిద్ర, ఆకలి అడిగి, బతకాలని ఉందా అని సూటిగా అడిగారు. పొద్దున లేవకపోతే బాగుండుననిపిస్తోందని మొదటిసారి ఒక మనిషితో చెప్పాను. ఆవిడ కంగారు పడలేదు, నన్ను తక్కువగా చూడలేదు. ఇది డిప్రెషన్ అనే జబ్బు అనీ, మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మధ్యలో నా అంతట నేను మానేయకూడదనీ చెప్పారు. ప్రార్థన మానమని అనలేదు. ఉపవాసం మాత్రం మానమన్నారు.

మా ఫెలోషిప్‌లో పెద్ద పాస్టరుగారు ఇంటికొచ్చి, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ గారి సంగతి చెప్పారు. ఆయన ప్రసంగాలు చదవని పాస్టరు ఉండడు, కానీ ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. 1856 అక్టోబరు 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ హాల్లో ఆయన కూడిక జరుగుతుండగా ఎవరో నిప్పని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకప్పటికి 22 ఏళ్లు. ఆ కుంగుబాటు జీవితాంతం వస్తూ పోతూ ఉండేది. దాన్ని ఆయన దాచుకోలేదు, తన విద్యార్థులకే చెప్పారు. "తమ్ముడూ, ఆయన విశ్వాసంలో లోపం ఉందని మనం అంటామా?" అని పెద్ద పాస్టరుగారు నన్నడిగి, నాలుగేళ్లుగా తానూ ఇవే మందులు వాడుతున్నానని చెప్పారు. అన్నయ్యా, మీరు చెప్పిన ఆ ఒక్కమాటతో నా గుండె మీది బండ దిగింది.

అయినా సిగ్గు పోలేదు. మాత్రల అట్టను బైబిల్ జిప్ కవర్లో దాచుకునేవాణ్ణి. ఒకరింట్లో ప్రార్థనకు జిప్ తీస్తుంటే అట్ట జారి చాప మీద పడింది. నాకు ముచ్చెమటలు పట్టాయి. ఆ ఇంటి మామ్మగారు తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టి, "నాకు బీపీ బిళ్లలున్నాయయ్యా. ఇది పొద్దున వేసుకునేదా, రాత్రిదా?" అన్నారు. రాత్రిదన్నాను. "అన్నం తిన్నాకే వేసుకో" అన్నారు. మామ్మగారూ, ఆ రోజు నుంచి దాచడం మానేశాను.

రెండు నెలలపాటు వంతులవారీగా క్యారేజీలు పంపిన అక్కలందరికీ, ప్రసంగం బాధ్యత తీసుకున్న యూత్ తమ్ముళ్లకు కృతజ్ఞతలు. బైబిల్లో బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్త గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో. ప్రతిసారీ ప్రసంగంలో గబగబా దేవుడు ఆయనతో మాట్లాడిన హోరేబు కొండకు వెళ్లిపోయేవాణ్ణి. చెట్టు కింద దేవదూత ఆయన్ని మందలించలేదు. అప్పం, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. మీ క్యారేజీ మూత తీసిన రోజే నాకు ఆ వచనం అర్థమైంది.

కుట్టు మిషన్ మీద ఇల్లు నెట్టుకొస్తూ, రాత్రంతా నా పక్కన మేలుకుని, మా ఇంట్లో సంగతి ఇంట్లోనే మోసిన నా భార్యకు ఏం చెప్పినా తక్కువే. పాస్టరమ్మగారు ఎలా ఉన్నారని కూడా అడగండి, దయచేసి.

సోమవారం అయ్యగారికి సెలవని సంఘం తీర్మానం రాసింది. ఆ రోజు నా ఫోన్ సంఘ పెద్ద దగ్గరుంటుంది. ఇది చదివే తోటి సేవకులు ఎవరైనా నాలాగే ఉంటే, మానసిక బాధలో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చెయ్యండి, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు. మన పేరు సంఘానికి చేరుతుందేమోనని నేను భయపడినట్టు మీరు భయపడకండి.

ఇప్పుడు మళ్లీ ఆశీర్వాదం నేనే ఇస్తున్నాను. "దేవుని ప్రేమయు" దగ్గర మాత్రం ప్రతి ఆదివారం కావాలనే ఆగుతాను. మీరు అందుకుంటారు.