సిగరెట్ మానాలంటే ఏ ఓపీకి పోవాలి?

సంపాదకులకు,

సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద 2018 సెప్టెంబరు నుంచి 1800-11-2356 అనే నంబరు అచ్చవుతోంది. పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే ‘క్విట్‌లైన్’ అది. ఢిల్లీ నంబరు, హిందీలో మాట్లాడతారేమో అని చాలామంది చేయరు. దక్షిణాది భాషల కాల్స్ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చూస్తుంది; తెలుగులోనే చెప్పుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. సోమవారం సెలవు. మిగతా రోజులు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు. మానే తేదీ పెట్టించి, తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు.

మనిషిని కలిసి మాట్లాడాలంటే తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. ఓపీ చీటీ రాయించేటప్పుడు ‘దగ్గు’ అనకండి, దగ్గు మందు చేతిలో పెట్టి పంపిస్తారు! ‘పొగ మానడానికి’ అనండి. మానసిక వైద్య విభాగమో, ఊపిరితిత్తుల విభాగమో అడగండి.

సిగరెట్ కోరిక తగ్గించడానికి నమిలే నికోటిన్ గమ్ పనిచేయలేదనేవాళ్లలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలినవాళ్లే. అలా నమిలితే నికోటిన్ ఉమ్ముతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, కోరిక మాత్రం తగ్గదు. మెల్లగా నమలాలి. నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక్కో గమ్ అరగంట వస్తుంది. టీ, కాఫీ, కూల్ డ్రింకు తాగితే పావుగంట ఆగాలి; నోట్లో పులుపుంటే నికోటిన్ ఒంటికి పట్టదు. నిద్ర లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి. మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది చాలు, మందుల షాపులో నేరుగా ఇస్తారు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి పడాలి, ఆ తర్వాత తగ్గిస్తూ మొత్తం పన్నెండు వారాలు. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగే వాడాలి.

వేప్ (ఈ-సిగరెట్) పీల్చే పిల్లలు కేసు భయంతో నోరు విప్పరు. 2019 చట్టం నిషేధించింది తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను. డాక్టరుకు చెప్పుకోవడాన్ని కాదు. వేప్‌కు రోజుకు ఎన్ని అనే లెక్కుండదు, దొంగసరుకు మీది లేబుల్‌ను నమ్మలేం. లేచిన ఎంతసేపటికి మొదటి దమ్ము లాగుతున్నారో చెబితే డాక్టరుకు మోతాదు అంచనా దొరుకుతుంది.

మనూరివాళ్లకు ఒక వెసులుబాటుంది. తిరుమల కొండ మీద పొగ నిషేధం, అలిపిరి తనిఖీలోనే పెట్టె పోతుంది. కానీ నికోటిన్ కోరిక ముదిరేది తొలి మూడు రోజుల్లో, అంటే సరిగ్గా కొండ దిగేటప్పటికి. కింద టీ బంకు కంటే ముందు మందుల షాపుకు పోవాలి. అయ్యప్ప మాల వేసినవాళ్లది ఇంకా మేలు. 41 రోజులకు ఒంటి బాధ చాలావరకు తీరిపోయి అలవాటే మిగులుతుంది. క్విట్‌లైన్‌కు ఫోన్ చేయాల్సింది మాల తీసే ముందు రోజే.

రెండు జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఓపీ చీటీల కిటికీ పక్కన పెద్ద తెలుగు బోర్డు ఉండాలని అధికారులకు మనవి. గది నంబరు, వారం, వేళలతోపాటు గమ్ అక్కడే ఇస్తారా, బయట కొనుక్కోవాలా అన్నదీ రాయండి. కూలి పోగొట్టుకుని వచ్చినవాడు ఉత్త చేతులతో తిరిగి పోకుండా ఉంటాడు.

- ఒక ఫార్మసిస్టు, తిరుపతి