యాప్ వదిలే ముందు ఐదుగురి చేతికిచ్చి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య ప్రతి పనికీ ఒక యాప్ వచ్చేస్తా ఉంది, పంట నమోదుకి ఒకటి, ఇంటి పన్నుకి ఒకటి, కరెంట్ బిల్లుకి ఒకటి, బ్యాంకుకి ఒకటి. రావడం మంచిదే, నేను వద్దనడంలేదు. నా బాధల్లా ఏంటంటే, వీటిల్లో చాలావాటిని చూస్తే, వాడబోయే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ళకి ఎట్టా అర్థమవుతా ఉందో ఎవరూ గమనించినట్టు అనిపించదు. బుచ్చిరెడ్డిపాళెంలో నెట్ సెంటర్ నడుపుతా ఉండా, పొద్దున్నుంచి రాత్రిదాకా నేను చూసేది ఇదే, అందుకే ఈ ఉత్తరం.

పుట్టిన తేదీ సంగతే తీసుకోండి. మొన్న ఒక పెద్దాయన ఒక యాప్ లో తేదీ నింపాలని కూర్చున్నాడు, నొక్కగానే క్యాలెండర్ వచ్చింది, అది ఈ నెల దగ్గర ఆగుంది. ఆయన పుట్టింది 1958 లో. పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే ఒక్కో నెల వెనక్కి పోతా ఉంది, ఆయన బొటనవేలు పొలం పని చేసి చేసి మొద్దుబారిపోయిన వేలు, రెండుసార్లు నొక్కితే ఒకసారి పడుతుంది, ఒక్కోసారి బాణం బదులు తేదీ మీద పడి క్యాలెండర్ మూసుకుపోతుంది, మళ్ళీ మొదటికి. పైన సంవత్సరం అంకె మీద నొక్కితే సంవత్సరాలన్నీ వస్తాయి, కానీ ఆ సంగతి చెప్పే గుర్తు ఒక్కటి కూడా అక్కడ లేదు. చివరికి "నాకు రాదులే అబ్బయా, నువ్వే చెయ్యి" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఆయనకి రాకపోవడం కాదండీ అది, ఆయన వయసు వాళ్ళు ఒక్కరి చేత కూడా వాడించి చూడకపోవడం. బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్లు కట్టేవాళ్ళకి ఇచ్చిన పద్ధతుల్లో పుట్టిన తేదీకి క్యాలెండర్ కాకుండా రోజు, నెల, సంవత్సరం అని మూడు ఖాళీ గడులు పెట్టమని ఉంటుంది, అంతే, అంకెలు కొట్టేస్తే అయిపోద్ది.

ఓటీపీ ఇంకో తంటా. యాప్ చేసేవాళ్ళ లెక్కలో మనిషికో ఫోన్, ఆ ఫోన్ ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. మా దగ్గర ఇంటికంతా ఒకటే స్మార్ట్ ఫోన్, ఆధార్ కి లింకయిన నంబర్ ఏమో చెన్నైలోనో బెంగుళూర్లోనో ఉన్న కొడుకుది. తల్లి ఇక్కడ కౌంటర్ దగ్గర నిలబడి కొడుక్కి ఫోన్ చేస్తే వాడు డ్యూటీలో ఉంటాడు, తీసి అంకెలు చెప్పేలోపు టైం అయిపోతుంది. నాలుగు ఊళ్ళు తిరిగి నాలుగు ఇళ్ళల్లో కూర్చుని అడిగితే తెలిసిపోయే విషయం ఇది, దీనికేం పెద్ద చదువు అక్కర్లేదు.

కొలతలు కూడా అంతే. మా నెల్లూరు వైపు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. మద్దతు ధరేమో క్వింటాల్ లెక్కన చెప్తారు, 2025-26 కి సాధారణ రకానికి 2,369 రూపాయలు. అదే పుట్టికైతే 20,136 రూపాయలు అని పక్కన ఇంకో లైన్ కనపడితే చాలు, వ్యాపారి ఎంత తగ్గించి అడుగుతున్నాడో రైతుకి కళ్ళం దగ్గర నిలబడే తెలిసిపోద్ది. ఇళ్ళ స్థలాలు అంకణాల్లో చెప్పుకుంటాం, రొయ్యలు కౌంట్ లెక్క, అంటే కిలోకి ఎన్ని తూగుతాయని, పొదిలి కొండపి వైపు పొగాకు రైతు బ్యారన్ అంటాడు, అంటే ఆకు కాల్చే కొట్టం, బేళ్ళు అంటాడు, అంటే ఆకు కట్టలు. ఆఫీసులో కూర్చుని గీసే డిజైన్ లోకి ఇవేవీ రావు, మనిషి నోటినుంచి వినాల్సిందే.

వాడేవాళ్ళని ఇట్టా గమనించి తెలుసుకోవడాన్నే యూజర్ రీసెర్చ్ అంటారు. అదంటే సర్వే కాగితం పట్టుకుని "యాప్ బాగుందా" అని అడగడం అని చాలామంది అనుకుంటారు, అట్టా అడిగితే మనవాళ్ళు ఏమంటారు, "బాగుంది సార్" అంటారు, అందులోనూ పక్కన వీఆర్వో గారో సచివాలయం ఉద్యోగో నిలబడి ఉంటే ఇంకోమాట ఎట్టా వస్తుంది. ప్లేస్టోర్ లో స్టార్లు చూసి సంతోషపడటం కూడా సరికాదు, అసలు వాడలేక వదిలేసినవాళ్ళు అక్కడికొచ్చి ఏం రాస్తారు. చేయాల్సింది వేరే. ఫోన్ చేతికిచ్చి "ఇదిగో ఈ బిల్లు కట్టండి" అని ఒక పని చెప్పి, మీరు నోరు మూసుకుని చూడాలి. ఎక్కడ ఆగారు, ఏ బటన్ వెతుకుతున్నారు, కీబోర్డ్ పైకి లేచినప్పుడు కింద ఉన్న సబ్మిట్ బటన్ మూసుకుపోయి వాళ్ళకి కనపడకుండా పోయిందా, ఏది చదివి భయపడి వెనక్కి వచ్చేశారు, అన్నీ రాసుకోవాలి. సాయం చెయ్యబుద్ధి అవుతుంది, చెయ్యకూడదు, రేపు వాళ్ళింట్లో మీరుండరు కదా. పని ఎండలో చేసేదైతే ఎండలోనే చూడాలి, ఏసీ గదిలో మెరిసే తెర చెరువు గట్టు మీద ఏమీ కనపడదు.

దీనికి వేలమంది కూడా అవసరంలేదు. జేకబ్ నీల్సన్, టామ్ లాండవర్ అనే ఇద్దరు పరిశోధకులు 1993 లోనే లెక్కగట్టారు, సగటున ఒక్క మనిషి వాడేటప్పుడు గమనిస్తేనే వాడకంలో ఉన్న ఇబ్బందుల్లో 31 శాతం బయటపడతాయి, ఐదుగురిని గమనిస్తే దాదాపు 85 శాతం. ఒకేసారి పదిహేనుమందితో చేయించేకన్నా ఐదుగురితో చేయించి, దొరికిన తప్పులు దిద్ది, మళ్ళీ ఇంకో ఐదుగురికి ఇవ్వడం మేలని నీల్సన్ చెప్పిన మాట. అయితే ఆ ఐదుగురూ ఒకే రకం మనుషులైతే లాభంలేదు, రైతులు వాడేది డ్వాక్రా ఆడవాళ్ళు కూడా వాడతారంటే రెండు రకాల వాళ్ళనీ కొందరు కొందరు పిలవాలి, చూపు సరిగా లేనివాళ్ళని మర్చిపోకూడదు.

ఇది నా ఒక్కడి కోరిక కూడా కాదు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎట్టా ఉండాలో మార్గదర్శకాలు 2009 లోనే వచ్చాయి, 2023 లో వచ్చిన మూడో వెర్షన్ లో యాప్స్ ని కూడా కలిపారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉండనే ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ కేసు ఎక్కడ మొదలైందో చూడండి, యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్నవాళ్ళని కెమెరా ముందు కళ్ళార్పమంటే వాళ్ళెట్టా ఆర్పగలరు, బ్యాంకుల్లాంటి చోట మనిషిని గుర్తుపట్టే కేవైసీ పూర్తికాక సేవలే అందలేదు. తయారుచేసే ముందు అట్టాంటి ఒక్క మనిషి చేత వాడించి ఉంటే ఆ వ్యవహారం కోర్టుదాకా పోవాల్సిన పనే లేదు.

మంచి జరిగినప్పుడు మంచి అనే చెప్పాలి. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న వాట్సాప్ లో మన మిత్ర పేరుతో 161 సేవలు మొదలుపెట్టారు. వాట్సాప్ వాడటం జనానికి కొత్తగా నేర్పాల్సిన పని లేదు, చేతిలో అలవాటైనదాంట్లోకే సేవ రావడం సరైన దారి అని నేను నమ్ముతా.

వాడటం రాకపోతే కుర్రాళ్ళ చేత చేయించుకుంటారులే అని కొందరు తేలిగ్గా అంటారు. ఆ మాటే నాకు భయం. చేయించుకోవడమంటే పిన్ నంబర్ చెప్పడం, ఓటీపీ చదవడం, ఫోన్ అన్‌లాక్ చేసి పరాయివాళ్ళకి ఇవ్వడం. ఒక పక్క ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పోలీసులు మైకుల్లో చెప్తారు, ఇంకోపక్క యాప్స్ ఏమో చెప్పక తప్పని పరిస్థితి తెస్తాయి. డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయమంటారు, కానీ ఆ అలవాటు పడింది ఎక్కడ?

కాబట్టి జిల్లా కలెక్టర్ గారికీ, యాప్స్ చేయించే శాఖలకీ మీ పత్రిక ద్వారా నా విన్నపం. టెండర్ లోనే ఒక షరతు రాయండి, వాడేవాళ్ళతో పరీక్ష చేయించి, ఏం దొరికింది, ఏం దిద్దారు అనే కాగితం చూపించేదాకా చివరి బిల్లు ఇవ్వొద్దు. పరీక్షకి వచ్చినవాళ్ళకి ఆ పూట కూలీ ఇవ్వండి, ఊరికే పిలిస్తే ఖాళీగా ఉన్నవాళ్ళే వస్తారు, మనకి కావాల్సినవాళ్ళు రారు. మనుషులు చాలరంటే కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, ఒంగోల్లో ట్రిపుల్ ఐటీ ఉంది, నెల్లూరు చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉండాయి, పిల్లలకి ప్రాజెక్టుగా ఇస్తే ఉదయగిరి, కనిగిరి, ముత్తుకూరు తిరిగి చూసొస్తారు. మా సెంటర్ కి వచ్చి ఒక మూల కూర్చుని చూస్తామన్నా కుర్చీ వేస్తా, వచ్చేవాళ్ళని అడిగి వాళ్ళు సరేనంటేనే.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా.