నాన్న డైరీలో 11982

నల్లకుంట,
కార్తీక సోమవారం.

చిన్నీ,

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అంటావు, మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకని కాగితం తీశాను. సత్తిబాబు రేపు కొండాపూర్ వైపు వస్తున్నాడు, వాడి చేతికి గోంగూర పచ్చడితో పాటు ఈ ఉత్తరం ఇస్తాను. సీసాకు రెండు కవర్లు చుట్టాను, అయినా నిలబెట్టే ఉంచు. నూనె కారితే నీ పుస్తకాలన్నీ పాడవుతాయి.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకు రెండో కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది. చుక్కలు రోజుకు నాలుగుసార్లు నేనే వేస్తున్నాను. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటున్నావా? కాఫీ తాగాక వేసుకుంటే దండగ అని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. చలి మొదలైంది, రాత్రి తలస్నానాలు చేయకు.

నిన్న రాజ్యం పిన్ని ఫోన్ చేసింది. "చిన్ని ఉద్యోగం మానేసిందటగా" అంది. వాళ్ల అల్లుడిది మీ బిల్డింగేనట, వారం నుంచి నువ్వు కనబడటం లేదన్నాడట. "అలాంటిదేం లేదు" అన్నాను. తెలిసి అన్న మాట కాదు. సరే, అది అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

అటక సర్దుతుంటే నాన్న 2003 డైరీ దొరికింది. మనం కంప్యూటర్ కొన్న ఏడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగి కొన్నాం, వచ్చేటప్పుడు ఆటోలో మానిటర్ నా ఒళ్లో, నువ్వు నాన్న ఒళ్లో. ఆ డైరీలో ఇంటి ఖర్చులు పది పేజీలే ఉన్నాయి. మిగతా అంతా ఫ్రీసెల్ అనే కంప్యూటర్ పేకాట నంబర్లు, ఒక్కో పంపకానికి ఒక్కో నంబరు ఉండేది కదా. గెలిచిన ప్రతి నంబరు పక్కనా నీ చేత ఎర్ర స్కెచ్ పెన్నుతో టిక్కు పెట్టించేవారు. కొన్ని టిక్కులు గీత దాటి మర్నాటి తేదీలోకి వెళ్లిపోయాయి. 11982 దగ్గర మాత్రం టిక్కు లేదు. వేసవి సెలవుల్లో ఎన్ని రాత్రులు దానిమీద కూర్చున్నారో! మొదటి 32,000 ఆటల్లో ఎవరివల్లా కానిది అదొక్కటేనని తర్వాత తెలిసింది. నాన్న ఓడిపోయారని జాలిపడి నువ్వు దాని పక్కన పువ్వు గీశావు. ఆ పువ్వు అలాగే ఉంది.

నేను కంప్యూటర్ నేర్చుకున్నది కూడా పేకముక్కలతోనే అని నీకు చెప్పాను గానీ, పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 1997లో మా బ్యాంకు బ్రాంచికి కంప్యూటర్లు వచ్చాయి. అప్పటిదాకా లెడ్జర్లే. నలుగురు క్లర్కులం, హెడ్ క్యాషియర్ శంకరం గారు, అందరికీ భయమే. ఉద్యోగాలు పోతాయని ఒక భయం, మీట తప్పు నొక్కితే ఖాతాలన్నీ చెరిగిపోతాయని ఇంకో భయం. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన పిల్లవాడు ఒకడు మాకు నేర్పడానికి వచ్చాడు, ఇరవై రెండేళ్లుంటాయి. మొదటి రోజు మౌస్ చేతికిస్తే శంకరం గారు దాన్ని టీవీ రిమోట్‌లా గాల్లోకి ఎత్తి పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు, మాకూ తెలియదు కాబట్టి. ఆ పిల్లవాడు మెల్లగా ఆయన చేయి బల్లమీదికి దించి, "సార్, మూడు రోజులు మీరెవరూ పని చేయొద్దు, పేకాడండి" అన్నాడు.

నాకు గుండె ఆగినంత పనైంది. తాతయ్య సంగతి నీకు తెలుసు. పెదతాతయ్య రెండెకరాలు పేకాటలో పోగొట్టాక మా ఇంట్లో ముక్క కనబడితే చాలు, అన్నం మానేసేవారు. నాకు అప్పటికి ఇస్పేటుకూ కళావరుకూ తేడా తెలియదు. నల్ల రాజుమీద ఎర్ర రాణి, ఎర్ర రాణిమీద నల్ల జాకీ అని ఆ పిల్లవాడే చెప్పాడు. ముక్కమీద బాణం పెట్టి, మీట నొక్కి, వేలు తీయకుండా లాగాలి. నా ముక్క సగం దారిలో జారిపోయి వెనక్కి వెళ్లిపోయేది. అప్పుడు ముగ్గు గుర్తొచ్చింది. పిండి తెగకుండా గీత లాగినట్టు లాగాను, వచ్చేసింది. మూడో రోజు మధ్యాహ్నం నా ఆట అయిపోయింది. ముక్కలన్నీ ఒక్కొక్కటే ఎగిరి కింద పడి దూకుతూ పోతుంటే, "ఏదో పాడుచేశాను" అని అరిచాను. కౌంటర్ దగ్గరున్న వాళ్లతో సహా అందరూ లేచి వచ్చారు. "గెలిచారు మేడమ్" అన్నాడు. నాలుగో రోజు శంకరం గారు తానే మౌస్ పట్టుకుని ఖాతా తెరిచారు. తాతయ్యకు మాత్రం ఈ సంగతి పోయేదాకా చెప్పలేదు.

ఆ సాలిటేర్ ఆట మమ్మల్ని ఏమీ అడగలేదు చిన్నీ. పేరు అడగలేదు, డబ్బు అడగలేదు, రేపు మళ్లీ రమ్మని పిలవలేదు. ఆ ఆట రాసింది వెస్ చెర్రీ అనే కుర్రాడని, 1988లో మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్న్‌గా ఉన్నప్పుడు రాశాడని, 1990లో విండోస్ 3.0తో లోకమంతా వెళ్లినా అతనికి ఆటమీద వచ్చిందేమీ లేదని నువ్వే చెప్పావు, ఇంటర్న్‌షిప్ చేసే రోజుల్లో. చెప్తుంటే నీ ముఖం వెలిగిపోయింది. అలాంటిదొకటి చేయాలమ్మా అన్నావు.

తర్వాత ఏమైందీ నువ్వే చెప్పావు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఆ ఆటలు తీసేశారు, కావాలంటే స్టోర్‌లోంచి దించుకోవాలి. 2015లో విండోస్ 10తో మళ్లీ కంప్యూటర్‌లోకి వచ్చాయి, కానీ ఆటల మధ్య వీడియో ప్రకటనలు. అవి వద్దంటే అప్పట్లో నెలకు దాదాపు ఒకటిన్నర డాలరు, ఏడాదికైతే పది కట్టాల్సి వచ్చేది. ఇంట్లో ఉన్న కుర్చీకి కూర్చున్నప్పుడల్లా అద్దె కట్టమన్నట్టు అనిపించింది నాకు.

ఆ ఆదివారం సంగతికి వస్తాను. రాకూడదనుకున్నాను, కానీ రాయకపోతే నిద్ర పట్టడం లేదు. నాన్న ఫోన్‌లోది ఎవరో చేసిన ఉచిత పేకాట యాప్. ప్రకటన మూసే గుర్తు నువ్వుగింజంత, పైన మూల. ఆపరేషన్ కాని కంటితో ఆయన దానికోసం వేలు పెడితే పక్కనున్న ట్రయల్ నొక్కుకుంది, అది అడిగినవన్నీ ఆయన సరే సరే అనేశారు. వారానికి 199 రూపాయలు, ఐదు వారాలు, 995. డబ్బు తీసుకునే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. వచ్చింది కూడా. ఆయనకు అక్షరాలు కనిపిస్తేగా! ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన నేను ఇంట్లో ఉండి చూడలేదు. ఆ బాధతో నేను చెప్పాను, ఆ కోపంతో ఆయన అన్నారు, "ఇలాంటివి చేసేవాళ్లు అన్నమే తింటారా" అని. నువ్వు అప్పుడే మజ్జిగ అన్నం కలుపుతున్నావు. చేయి ఆగిపోయింది. "ఆ మూసే గుర్తు ఎంత చిన్నగా ఉండాలో కొలిచి పెడతారు నాన్నా" అన్నావు, అంతే, లేచి చేయి కడుక్కున్నావు. "పెడతారు" అన్న మాట నాకు రాత్రి పడుకున్నాక గానీ అర్థం కాలేదు. "పెడతాం" అని నోటిదాకా వచ్చి మార్చుకున్నావు కదూ?

నువ్వు చేసేదీ ఇలాంటి యాప్‌ల పనేనని ఆయనకు నిజంగా తెలియదు. నీ పని అంటే బొమ్మలు గీయడం అనుకుంటున్నారు. దీపావళికి నువ్వు రాకపోతే నీ కాకరపువ్వొత్తుల డబ్బా విప్పనివ్వలేదు.

నువ్వు తప్పు చేశావని నేను అనను. కానీ తల్లిని కాబట్టి ఒక మాట చెప్పాలి. డబ్బు అడగడం తప్పు కాదు, ఆట చేసేవాళ్లకూ జీతాలు కావాలి. వంద రూపాయలు అని ముఖంమీద అడిగితే నాన్న సంతోషంగా ఇచ్చేవారు. దొరకకుండా దాచి లాగేదే తప్పు. 2023 నవంబరులో కేంద్రం ఇలాంటి 13 రకాల ఎత్తులను పేర్లు పెట్టి కూడదంది, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు అందులో ఒకటి. నీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. మీ పైవాళ్లతో ఒక్కసారి చెప్పి చూశావా? మెయిల్‌లో రాసిపెట్టుకో, నోటిమాట నిలవదు. వినకపోతే అప్పుడు మానెయ్యి, నేను కాదనను. కానీ నాన్న కోపంలో అన్న మాటకు మానేయకు. ఇప్పటికే మానేసి ఉంటే రాజ్యం పిన్నికంటే ముందు నాకు తెలియాలి కదా తల్లీ. ల్యాప్‌టాప్ ఈఎంఐ ఈ నెల నేను కడతాను, దానికి టెన్షన్ పడకు. పీజీలో అన్నం నచ్చకపోతే బయట బిర్యానీలు తినకు, కుక్కర్ పంపిస్తాను.

లెక్చర్ అయిపోయింది, చదవడం ఆపకు.

ఆ యాప్ తీసేశాను, ఆటోపే రద్దు చేశాను. మొన్న నారాయణగూడలో పేక ఒకటి కొనుక్కొచ్చాను. తాతయ్య బతికి ఉంటే నన్ను గుమ్మంలోనే నిలబెట్టేవారు. భోజనాల బల్లమీద పరుచుకుని ఆడుతున్నారు నాన్న. ఆయనకు పేక కలపడం రాదు, ముక్కలు కింద పడిపోతున్నాయి, కంటికి వంగకూడదు కాబట్టి ఏరేది నేనే. నువ్వు హాస్టల్‌లో నేర్చుకున్నావు కదా. రోజూ దీపం పెట్టే వేళకు "చిన్ని చేసిందా" అని అడుగుతున్నారు.

ఆదివారం మెట్రోలో రా, బండి మీద వద్దు. ఖాళీ సీసా తీసుకురావడం మర్చిపోకు.

అమ్మ