పతనం ఒక్కటే చూపిస్తే సరిపోదు

ఎడిటర్ గారికి,

షేర్ మార్కెట్ పడినప్పుడు, ఏ షేర్లు ఎప్పుడు కొనాలో అమ్మాలో తానే నిర్ణయించే యాక్టివ్ ఫండ్ మేనేజరే కాపాడతాడనే మాట సగమే నిజం. 2020లో ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 వరకు అమెరికాలో దాదాపు 500 పెద్ద కంపెనీల షేర్ల తీరును చూపే ఎస్‌అండ్‌పీ 500 సూచీ దాదాపు 34 శాతం పడింది, దాన్ని అనుసరించే ఇండెక్స్ ఫండ్లూ అంతే పడ్డాయి. అప్పటికే కొంత నగదు ఉంచుకున్న మేనేజర్‌కి దెబ్బ తక్కువ తగిలి ఉంటుంది, కాదనను. కానీ ఆగస్టుకల్లా సూచీ పాత గరిష్ఠాన్ని దాటేసింది, టెన్షన్‌తో ఆ నగదు పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఆ లాభం దక్కలేదు. 100 కాస్తా 66 అయితే మళ్లీ 100 కావడానికి 51 శాతానికి పైగా పెరగాలి, అందులోంచి యాక్టివ్ ఫండ్‌కి ఏటా ఒకటిన్నర శాతం ఫీజు పోతే కోలుకోవడం ఇంకా ఆలస్యం.

ఫండ్లను పోల్చేటప్పుడు దయచేసి పతనంతో పాటు కోలుకున్న కాలాన్నీ కలిపి, ఫీజులు పోగా మిగిలిన రాబడే వేయండి.

— ఒక పాఠకుడు